ముందు గది నీలం

సెప్టా మల్‌హాల్ రిటైరవుతోందని, నాలుగు ముక్కలు మాట్లాడమని ఆఫీసువాళ్లు నన్ను అడిగారు. పదిహేనేళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో చీపురు పట్టాం, అంతకుముందు అదే ఇంట్లో పుట్టాం కాబట్టి, సెప్టా గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరని వాళ్ల ఉద్దేశం. నిజమే, లేరు. నాలుగు ముక్కలూ మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు ముక్కల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, నాకు సెప్టా అంటే కుళ్లు. నిన్న మొన్నటిది కాదు, ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్నది.

ఇల్లు మౌంట్‌కాషెల్ వీధిలో పదిహేడో నంబరు. నదికి ఉత్తరాన, ఎర్ర ఇటుకతో కట్టిన ఐదంతస్తుల మేడ. రెండు వందల ఏళ్లకు పైగా కిందట, జార్జి రాజుల కాలంలో ఎవరో దొర కట్టించాడు. మా దేశపు పార్లమెంటును లండన్‌కు పట్టుకుపోయాక దొరలు కూడా దాని వెనకే పోయారు. తర్వాత కొన్నాళ్లు లాయర్లున్నారు. వాళ్లకు కూడా ఇల్లు మొహం మొత్తాక మేము దిగాం. మేమంటే ఒకరిద్దరం కాదు. నేను పుట్టిన 1946లో ఆ ఒక్క ఇంట్లో పదకొండు కుటుంబాలు, డెబ్బై నాలుగు మంది జనం. అందరికీ కలిపి పెరట్లో కుళాయి ఒకటి, దొడ్లు రెండు.

అక్కడ మనిషికి గదే ఇంటిపేరు. నేలమాళిగ వాళ్లు, అటక వాళ్లు, మెట్లకింది ముసలామె, ఇలాగే పిలుచుకునేవాళ్లం. మల్‌హాల్ కుటుంబం మొదటి అంతస్తు ముందు గది. మా కీయో కుటుంబం అదే అంతస్తు వెనక గది. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు ఇటువైపు పుట్టడంలో నా తప్పేమీ లేదు, కానీ నా బతుకంతా ఆ గోడ ఇటువైపే గడిచింది.

ముందు గది దొర విందులు చేసిన గది. వీధి వైపు మూడు కిటికీలు, ఒక్కొక్కటి ఇద్దరు మనుషుల ఎత్తు. ఆ ఇంటి కిటికీలు పై అంతస్తులకు పోయే కొద్దీ కురచవుతాయి. అటకలో పనివాళ్లు పడుకునే చోట తల కూడా పట్టదు. దొర కూర్చునే అంతస్తులోనే వెలుతురంతా పోగుచేశారు. ఆ గది పైకప్పు నిండా సున్నంతో చేసిన ద్రాక్షగుత్తులు, ఆకులు, పక్షులు. తలుపులు రెండున్నా తెరుచుకునేది ఒక్కటే. రెండోది ఊరికే జోడు కోసం గోడకు బిగించారు. మా వెనక గదికి ఒక్క కిటికీ ఉండేది. తెరిస్తే దొడ్లు కనిపించేవి, వాసన కూడా వచ్చేది.

సెప్టా నాకంటే ఐదేళ్లు పెద్దది. వాళ్ల నాన్నకు రేవులో ఖాయమైన పని. వాళ్లమ్మ కిటికీ దగ్గర కూర్చుని చొక్కా కాలర్లు కుట్టేది. మా నాన్నకు పని ఉన్న వారం ఉండేది, లేని వారం లేదు. మా అమ్మ బట్టలు ఉతికేది. రెండు హోటళ్ల దుప్పట్లు మా గదికే వచ్చేవి. వాన దేశంలో పెరట్లో ఆరేస్తే ఎప్పటికి ఆరుతాయి? అందుకని గదిలోనే గోడ నుంచి గోడకు తాళ్లు కట్టి ఆరేసేది. చిన్నప్పటి మా గదిని తలచుకుంటే నాకు తడి దుప్పట్లు తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. వాటి మధ్యలో వంగి నడిచేదాన్ని.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మాకది పొరుగిల్లు కూడా కాదు, పక్క గది. అయినా వాళ్ల గదిలో ఉడికే బంగాళాదుంపలు మా దుంపలకంటే కమ్మగా వాసన కొట్టేవి. ఏదో వంక పెట్టుకుని పోయి వాళ్ల గుమ్మంలో నిలబడేదాన్ని. లోపల గోడలు నీలంగా ఉండేవి. తెల్లబట్టలకు పెట్టే నీలిమందును వెల్లసున్నంలో నలిపి గోడలకు కొట్టుకోవడం మా వాళ్ల అలవాటు. ఈగలు రావనేవాళ్లు. ఆ మూడు కిటికీల వెలుతురు పడితే గదంతా ఉతికి ఆరేసినట్టుండేది. సెప్టా లోపలినుంచి, "ఏమే, మళ్లీ వచ్చావా? రావాలనుంటే రా, లేకపోతే తలుపు వెయ్యి, చలి" అనేది. లోపలికి పోవడానికి నాకు పౌరుషం అడ్డం వచ్చేది.

1952లో కార్పొరేషన్‌వాళ్లు వచ్చి ఇల్లు కూలేలా ఉందని అందర్నీ ఖాళీ చేయించారు. మాకు ఫింగ్లస్‌లో ఇల్లిచ్చారు, వాళ్లకు కాబ్రాలో. కాబ్రా ఊరికి దగ్గర. అక్కడ కూడా వాళ్లదే పైచెయ్యి. అయితే సెప్టా వాళ్లమ్మకు అప్పటికే దగ్గు ముదిరింది. కొత్త ఇంట్లో ఒక్క క్రిస్మస్ చూసింది, రెండోది చూడలేదు. సెప్టాకు అప్పుడు పన్నెండేళ్లు. వాళ్లమ్మది ఒక్క ఫోటో కూడా లేదు. ఉన్న ఒకటీ అరా బట్టలు, పక్క గుడ్డలు జబ్బు అంటుకుంటుందని కాల్చేశారు. మా అమ్మ మాత్రం ఇంకో ముప్పై ఏళ్లు బతికింది. రోజూ నాతో పోట్లాడుతూ, నా పెళ్లి చూసి, నా పిల్లల్ని ఎత్తుకుని, ఎనభై మూడులో పోయింది.

సెప్టా చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. క్రిస్టీ నోలన్ అనే బస్సు కండక్టరును పెళ్లి చేసుకుంది. ఇద్దరు కూతుళ్లు. క్రిస్టీ మంచివాడు, మితంగా తాగేవాడు, త్వరగా పోయాడు. నా మొగుడు ఇంకా బతికే ఉన్నాడు, అంతకంటే ఆయన గురించి చెప్పేదేమీ లేదు.

దాదాపు నలభై ఏళ్లు పావురాలు కాపురం చేశాక పదిహేడో నంబరును లాయర్ల కంపెనీ ఒకటి కొన్నది. కప్పు మీద పక్షులకు రెక్కలు అతికించారు. మేము చలికి పీకి పొయ్యిలో పెట్టుకున్న మెట్ల కమ్మీల స్థానంలో కొత్తవి చేయించారు. వీధి తలుపు మీద అర్ధచంద్రం అద్దం బిగించి, తలుపుకు నల్లరంగు వేసి, ఇత్తడి పలక కొట్టారు. సెప్టా అక్కడ ఊడ్చే పనికి కుదిరింది. ఏడాది తర్వాత ఇంకో మనిషి కావాలంటే నన్ను పెట్టించింది. పని ఇప్పించింది కూడా ఆమే. ఆ సంగతి కూడా నాకు మింగుడు పడలేదు.

పని పంచుకోవడం మొదటిరోజే అయిపోయింది. హాలు, రాతిమెట్లు, ముందు గది సెప్టావి. ముందు గదిని ఇప్పుడు పెద్ద లాయర్లు కూర్చునే మీటింగు గది చేశారు. వెనక గది, పై రెండు అంతస్తులు, కింద వంటగది నావి. వెనక గదిని అడ్డగోడలు కట్టి మరుగుదొడ్లు చేశారు. నేను పుట్టిన చోటు లెక్కేస్తే ఆడవాళ్ల వైపు మూడోది అవుతుంది. పొద్దున ఐదున్నరకు నేను అక్కడ బ్రష్షు పట్టుకుని మోకాళ్ల మీద ఉంటే, గోడ అవతల సెప్టా పెద్ద బల్లను మైనంతో తుడుస్తూ కూనిరాగం తీసేది. మారలేదు. ఏమీ మారలేదు.

"పొద్దున్నే ఎందుకే ఆ మొహం?" అనేది టీ దగ్గర.

"నాకున్న మొహం ఇదే."

"కావాలంటే వారం మార్చి వారం మార్చుకుందాం."

"దానం నాకక్కర్లేదు" అనేదాన్ని. మార్చుకోవాలని ప్రాణం కొట్టుకునేది, అయినా అనేదాన్ని.

తొంభై ఐదులో కంపెనీ పెట్టి ఇన్నేళ్లయిందని ఏదో పండుగ వచ్చింది. ఆ సందర్భంగా ముందు గదిని దొర కాలంలో ఎలా ఉండేదో అలా చేయించాలని పెద్దాయన డెలహంట్‌గారు అనుకున్నారు. పాత ఇళ్ల రంగుల మీద పుస్తకాలు రాసిన డాక్టర్ ఆర్మిటేజ్ అనే ఆయన్ని పిలిపించారు. సన్నగా, మర్యాదగా, చేతికి తెల్ల తొడుగులతో వచ్చాడు. వారం రోజులు గోడల్ని చిన్న కత్తితో గీకాడు. ఎక్కడ గీకినా పద్నాలుగు పొరలు, కింద అంతా మసి. చివరికి మధ్య కిటికీ పక్కన చెక్క పెట్టె విప్పించాడు. కిటికీ మడత తలుపులు ముడుచుకునే పెట్టె అది. దాని వెనక, ఉత్త గచ్చు మీద, అరచేతి వెడల్పున నీలం దొరికింది. దానికింద ఇంకే రంగూ లేదు.

"కింద ఏమీ లేదంటే ఇదే ఈ గది మొదటి రంగు" అన్నాడట ఆర్మిటేజ్. భూతద్దం పెట్టి చూసి, అప్పట్లో వెండికి సమానంగా తూచి అమ్మిన నీలం అని కూడా చెప్పాడట. ఎక్కడికీ పంపించి పరీక్ష చేయించలేదు. ఆయనకు కావలసింది దొరికింది, ఇంకెందుకు?

అసలు సంగతి మాలాంటివాళ్లెవరైనా చెప్పేస్తారు. 1947 చలికి ఇంట్లో ఉన్న చెక్కంతా పొయ్యిలోకి పోయింది. కిటికీ మడత తలుపులు, వాటి పెట్టెలు అన్నిటికంటే ముందు పోయాయి. పెట్టె పోతే వెనక గచ్చు బయటపడింది. తర్వాత వెల్ల వేసేటప్పుడు దాని మీద కూడా వేశారు. లాయర్లు వచ్చాక కొత్త పెట్టె చేయించి దాన్ని మూసేశారు. మనుషులు గది చెక్కను గదిలోనే కాల్చుకుంటారని ఆర్మిటేజ్ చదివిన పుస్తకాల్లో ఉండదు.

ఆ నీలం కనబడ్డ రోజు సెప్టా నన్ను చెయ్యి పట్టి ముందు గదిలోకి లాక్కుపోయింది.

"చూడవే. మా అమ్మ వేసింది."

చూశాను. గుర్తుపట్టాను. గుమ్మంలో నిలబడి చూసిన నీలమే.

"గదంతా ఇదే వేయిస్తారంట" అంది. "నాలుగు గోడలూ. మా అమ్మ ఉన్నప్పటిలాగే ఉంటుందే డింప్నా. నాకు ఆవిడ మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. కిటికీ దగ్గర కూర్చున్న వీపు గుర్తుంది, వెనకాల ఈ గోడ గుర్తుంది. అంతే ఉంది నా దగ్గర." కళ్లు తుడుచుకుని, "నీ నోటికి తాళం వేసుకో. నీలిమందని తెలిస్తే వాళ్లు వెయ్యరు" అంది.

"నేనెందుకు చెబుతానే?" అన్నాను.

కానీ ఆ నెలంతా నాకు నిద్రపట్టలేదు. తల్లి లేని పిల్ల, తల్లి రంగు కోసం అంగలారుస్తోంది, ఏ రాయి గుండె అయినా కరగాలి. నాకు కరగలేదు. ఇంతమంది బతికిన ఇంట్లో ఒక్క వాళ్లమ్మ గుర్తే ఎందుకు మిగలాలి? మా అమ్మ చేతులు చలికి పగిలి రక్తం కారుతుంటే ఆ గదిలో ఎన్ని వేల దుప్పట్లు పిండిందో ఎవరికి తెలుసు? ఆవిడ నిలబడ్డ చోట ఇప్పుడు చేతులు ఆరబెట్టే యంత్రం ఉంది. ముందు గదివాళ్లకు మళ్లీ ముందు గది, మాకు మళ్లీ దొడ్లు. ఇలాంటివి తలచుకుంటూ నేల తుడిచేదాన్ని. తుడిచిందే మళ్లీ తుడిచేదాన్ని.

రంగు నమూనా వేసిన రోజు డెలహంట్‌గారూ, ఆర్మిటేజ్ ముందు గదిలో ఉన్నారు. తలుపు పక్కన గోడకు ఒక దుప్పటంత మేర నీలం పూశారు. సెప్టా టీ తీసుకొచ్చింది, నేను వెనక బిస్కట్ల పళ్లెం పట్టుకున్నాను. డెలహంట్‌గారు మంచివారు, అందర్నీ పలకరిస్తారు.

"ఎలా ఉందమ్మా మా దొరగారి నీలం?" అన్నారు.

సెప్టా నవ్వి, "చాలా బాగుందండీ" అంది.

నేను పళ్లెం బల్ల మీద పెట్టాను. "అది దొరగారిది కాదు సార్" అన్నాను. "బట్టలకు పెట్టే నీలిమందు. వీళ్లమ్మ సున్నంలో కలిపి కొట్టింది. కిటికీ పెట్టెలు మేమంతా పొయ్యిలో పెట్టుకున్నాం. అందుకే దాని కింద ఏమీ లేదు."

ఆర్మిటేజ్ ముఖం ఎర్రబడింది, అయినా మర్యాద తప్పలేదు. "ఆసక్తికరంగా ఉంది. కానీ చిన్నప్పటి జ్ఞాపకాలు కదా, ఒకదానికొకటి కలిసిపోతుంటాయి" అన్నాడు. డెలహంట్‌గారు మాత్రం ఆలోచనలో పడ్డారు. లాయరు కదా, సాక్షి దొరికితే వదలరు. సెప్టా వైపు తిరిగారు.

"మీరు ఈ గదిలోనే పుట్టారు కదా మిసెస్ నోలన్? మీకు గుర్తుండాలి. ఆమె చెప్పింది నిజమేనా?"

సెప్టా కెటిల్ పట్టుకుని నిలబడింది. ముఖంలో రక్తం లేదు. నాకు ఆ క్షణం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా సంతోషంగా ఉంది.

"కాదండి" అంది సెప్టా. "మా గోడలకు కాగితం ఉండేది. గులాబీ పూల కాగితం. మా అమ్మ ఏ రంగూ వెయ్యలేదు." కప్పుల్లో టీ పోసింది, ఒక్క చుక్క కింద పడలేదు. "డింప్నా అప్పటికి పసిది సార్. ఏ ఇల్లో చూసి ఏ ఇల్లనుకుంటోంది."

ఆర్మిటేజ్ చక్కెర వేసుకున్నాడు. డెలహంట్‌గారు నా వైపు జాలిగా చూశారు. నేను బిస్కట్ల పళ్లెం అందరికీ తిప్పాను, ఇంకేం చెయ్యను?

కింద వంటగదిలో ఆమె మీద విరుచుకుపడ్డాను.

"అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశావ్."

"నువ్వు నన్నేం చేద్దామనుకున్నావే? నోరు మూసుకోమని చెప్పానా లేదా?"

"గులాబీ పూల కాగితమా? ఎక్కడినుంచి ఊడిపడింది?"

"నోటికొచ్చింది." కప్పులు కడగడం మొదలుపెట్టింది. "నీలిమందని ఒప్పుకుంటే ఏమయ్యేది? శుక్రవారానికల్లా తెల్లరంగు కొట్టేవాళ్లు. దొర వేశాడంటే వందేళ్లు ఉంచుతారు. ఎవరు వేశారనుకుంటే నాకేంటి? గోడ మీద ఉంటే చాలు."

"కన్నతల్లిని కాదన్నావు."

"అన్నాను. ఆవిడతో నేను చూసుకుంటాలే. నువ్వు నీ పని చూసుకో."

తర్వాత రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. మైనం డబ్బా ఎక్కడుంది, సబ్బు అయిపోయింది, ఇంతే. మిగతావాళ్లు నన్ను కొంచెం మతి చలించిన మనిషిలా చూసేవాళ్లు. దానికంటే నన్ను తినేసింది వేరే ఉంది. సెప్టా ఆ గది కోసం తల్లి పేరు కూడా వదులుకుంది. అబద్ధం ఆడి కాపాడుకోవడానికైనా నాకు ఆ ఇంట్లో ఏమీ లేదు.

గదికి నీలం వేశారు. ఒక సంగతి ఒప్పుకోవాలి, అద్భుతంగా ఉంది. కప్పు మీద తెల్ల పక్షులు నిజంగా ఎగురుతున్నట్టే కనబడ్డాయి. ఏటా ఒకరోజు పాత ఇళ్లను ఊరి జనానికి తెరిచి చూపించే అలవాటు వచ్చాక, వందలమంది ఆ గదిలోకి వచ్చి తలెత్తి నోరు తెరిచేవాళ్లు. గుమ్మంలో నిలబడి కోట్లు అందుకోవడానికి ఉతికిన ఏప్రన్ వేసి ఎవరిని నిలబెట్టారో వేరే చెప్పాలా? దొరగారి అభిరుచి గురించి అచ్చు వేసిన కాగితాన్ని సెప్టా అందరికీ పంచేది. నవ్వు చెదిరేది కాదు. ఎవరైనా గోడ ముట్టుకుంటే మాత్రం, "చెయ్యి తీయమ్మా, పాతది" అని మెల్లగా చెప్పేది.

మొన్న శుక్రవారం ఆ గదిలోనే ఆమెకు వీడ్కోలు. అరవై ఐదు నిండాయి. హామ్ శాండ్‌విచ్‌లు, కేకు, కొంచెం వైను. నా నాలుగు ముక్కలు అయ్యాయి. సెప్టాకు గడియారం ఇచ్చారు. ఆమె ఏడ్చింది, నేను ఏడవలేదు. జనం వెళ్లిపోయాక కప్పులు కడగడానికి ఇద్దరం కిందికి దిగాం. కడగొద్దన్నా వినకుండా ఆమె కొత్త బ్లౌజు చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడింది. నేను తువ్వాలు పట్టుకుని తుడవడానికి నిలబడ్డాను.

పైన గదిలో మాట్లాడేటప్పుడు నా కళ్లు ఆ గోడల మీదే ఉన్నాయి. మా గది గోడ ఏ రంగుదని నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు. తడి దుప్పట్లే. మా అమ్మను ఎప్పుడూ అడగలేదు, అన్నయ్యలిద్దరూ పోయారు. ఇంక చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆమె సోమవారం నుంచి రాదు. అడగడం కంటే నాలుక కోసుకోవడం నయం అనిపించింది. చివరి కప్పు దాకా ఆగి అడిగాను.

"సెప్టా, మా గది ఏ రంగే?"

ఆమె నీళ్లలో చేతులు ఆపింది.

"ఎందుకిప్పుడు?"

"ఊరికే. నాకు గుర్తు రావడం లేదు."

కడిగిన కప్పునే మళ్లీ కడిగింది. "అదే రంగు" అంది.

"అదే అంటే?"

"నీలమే. ముందు మీ గదికే వేశారు. నీలిమందు దోసిళ్లతో ఉండేది ఎవరింట్లోనే? కాలర్లు కుట్టేవాళ్లింట్లోనా, దుప్పట్లు ఉతికేవాళ్లింట్లోనా? మీ అమ్మ బట్టల తొట్టిలో కలిపింది. మీ గదికి వేశాక సగం తొట్టి మిగిలింది. మీది తడి గది, ఏడాదికే నల్లబడిపోయింది. మాది నిలిచింది."

"మీ అమ్మకిచ్చిందా?"

"ఇవ్వడమేంటి, మా అమ్మ నిచ్చెన ఎక్కగలదా? అప్పటికే దగ్గు. మీ అమ్మే వేసింది. గోడలు, కిటికీ మూలలు, అన్నీ. నువ్వు మూడేళ్లదానివి, తొట్టి పక్కన కూర్చుని చేతులు ముంచుతుంటే రెండు దెబ్బలు కూడా వేసింది. మా అమ్మ కుర్చీలో కూర్చుని చూసింది."

నా చేతిలో తువ్వాలు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి మీ అమ్మ వేసిందని నాకెందుకు చెప్పావే, ఆ రోజు?"

"నిజం చెప్తే నువ్వు ఊరుకునేదానివా? మా అమ్మ, మా అమ్మ అని ఇల్లెక్కి అరిచేదానివి." సెప్టా గొంతు పెంచలేదు. "నీకు మీ అమ్మ ముప్పై ఏళ్లు ఎక్కువ ఉంది. తిట్టింది, కొట్టింది, నీ పిల్లలకి స్వెట్టర్లు అల్లింది. బస్సులో మీ ఇద్దర్నీ చూసి నేను ముందు స్టాపులోనే దిగిపోయేదాన్ని, తెలుసా? మాట్లాడితే ముందు గది, ముందు గది అని ఏడుస్తావు. నాకున్నది ఆ గోడ ఒక్కటే. అది కూడా మా అమ్మది కాదని నాకు తెలుసు. అయినా మా అమ్మదే అనుకున్నాను. నీకేం పోయింది?"

ఆమె చేతులు తుడుచుకుని, బ్లౌజు సరిచేసుకుని, గడియారం డబ్బా సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "బల్లకు మైనం మరీ ఎక్కువ పెట్టకు, మరకలు పడతాయి" అంది. వెళ్లిపోయింది.

సోమవారం నుంచి ముందు గది నాకిచ్చారు. ఇవాళ పొద్దున ఐదున్నరకు మూడు కిటికీలూ తెరిచి, కుర్చీ వేసుకుని, మధ్య కిటికీ పక్కన కూర్చున్నాను. పెట్టె వెనక మా అమ్మ కుంచె గీతలున్నాయి. అరవై ఏళ్లు కావాలనుకున్న గది నాదైంది. సంతోషపడదామని కూర్చున్నాను, కానీ అప్పుడు కూడా కుళ్లే వచ్చింది. మా అమ్మ ఆ నిచ్చెన మీద నిలబడి ఈ గోడకు రంగు వెయ్యడం సెప్టా కళ్లారా చూసింది. నాకు తెలిసి నాలుగు రోజులైంది.